కీమో నడుమ వచ్చే అలసటకు శ్వాస సాధన, పాటలు ఎంతవరకు పనికి వస్తాయి? మా అత్తమ్మ గురించి అడుగుతున్నాను

ప్రశ్న: హనుమకొండ కోడలు

అందరికీ నమస్కారం. మా అత్తమ్మకు 57 ఏళ్లు. ఊరు పరకాల దగ్గరి పల్లె. చికిత్స మొదలైనప్పటి నుంచి ఆమెను హనుమకొండలో మా ఇంట్లోనే ఉంచుకున్నాము. రొమ్ము క్యాన్సర్‌కు శస్త్రచికిత్స అయిపోయింది, ఇప్పుడు 21 రోజులకు ఒకసారి హైదరాబాదులో కీమో ఎక్కిస్తున్నారు. వార్డులో అందరూ ‘ఎర్ర మందు’ అని పిలుచుకునే మందు అది. మూడు విడతలు పూర్తయినాయి. కాజీపేటలో తెల్లవారుజామున రైలెక్కి వెళ్లి, రాత్రికి తిరిగి వస్తున్నాము.

వాంతులు మాత్రలతో అదుపులోనే ఉన్నాయి. జుట్టు రాలిపోయినప్పుడు కూడా ఆమె ఒక పూట కళ్లనీళ్లు పెట్టుకుని, మరునాటికి తేరుకున్నది. ఆమెను కుంగదీస్తున్నది అలసట ఒక్కటే. నలభై ఏళ్లు బురదలో వంగి నాట్లు వేసి, ఎండలో పత్తి ఏరిన మనిషి, ఇప్పుడు స్నానం చేసి మంచం దాకా వచ్చేలోపు రెండుసార్లు గోడ పట్టుకుని నిలబడుతున్నది. మొన్న ఊరికే కూర్చోలేక చాటలో బియ్యం పోసుకుని ఏరడం మొదలుపెట్టింది. నేను పొయ్యి దగ్గర నుంచి వచ్చి చూసేసరికి, రెండు మట్టిగడ్డలు తీసి చాట అంచు మీద పెట్టి, చేతులు ఒళ్లో వేసుకుని అలాగే కూర్చుండిపోయి ఉన్నది. రాత్రి తొమ్మిది గంటలు పడుకున్నా పొద్దున లేచేసరికి అదే నిస్సత్తువ. “ఇది నిద్రతోని పోయే అలసట కాదు బిడ్డా, బాయిల నీళ్లన్నీ తోడేసినట్టు ఉన్నది” అని అన్నది.

ఆసుపత్రిలో చెప్తే “కీమోలో అది మామూలే అమ్మా” అని ఒక్క మాట అన్నారు. అక్కడి రద్దీ నాకు తెలుసు, కానీ మామూలైన బాధకు కూడా ఏదో ఒకటి చేయవలసి ఉంటుంది కదా అన్న ఆలోచన నన్ను వదలలేదు. శ్వాస సాధన, సంగీతం ఇలాంటి అలసటను కొంత తగ్గిస్తాయని చదివి, వేణువు వాద్యం పెట్టి, ఫోనులో చూసి శ్వాస ఎలా తీసుకోవాలో చెప్పడానికి ప్రయత్నించాను. వేణువు మొదలైన రెండు నిమిషాలకే “అది బందు పెట్టు, చావింట్ల కూర్చున్నట్టు ఉన్నది” అన్నది. మా వాడకట్టులో ఒక పెద్దాయన వచ్చి రోజూ అరగంట కపాలభాతి చేస్తే కీమో అవసరమే ఉండదని చెప్పి వెళ్లినాడు. ఆ మాట విని ఆమె ఒక రోజు తనంతట తానే చేయబోయి, కళ్లు తిరిగి కూర్చుండిపోయింది.

ఇంతకీ శ్వాస సాధనతో నిజంగా ఏమైనా మేలు ఉన్నదా, ఉంటే ఏది చేయవచ్చు, ఏది చేయకూడదు, సంగీతం ఎవరికి వినిపించినా పని చేస్తుందా, అసలు ఆమెను ఇవన్నీ చేయమని ఒత్తిడి చేయడమే తప్పా, అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.


సమాధానం: వరంగల్ స్టాఫ్ నర్సు

అక్కా, నేను పదకొండేళ్లుగా కీమో డే కేర్‌లో పని చేస్తున్నాను. మీ అత్తమ్మ అన్న బావి మాట ఈ అలసటను సరిగ్గా పట్టి చెప్పింది. పని చేస్తే వచ్చే అలసట విశ్రాంతితో తీరుతుంది, క్యాన్సర్ చికిత్సలో వచ్చే ఈ అలసట నిద్రతో తీరదు, చేసిన పనికి దీనికి పొంతన ఉండదు. కాబట్టి ఆమె బద్ధకించడం లేదని, మనసు గట్టిగా లేక కాదని ముందు ఇంట్లో అందరికీ అర్థం కావాలి.

శ్వాస గురించి చెప్పే ముందు ఒక మాట. అలసట వెనుక సరిచేయగల కారణాలు దాగి ఉంటాయి, వాటిని చూడకుండా పాటలు, ప్రాణాయామం అని కూర్చోవడం మంచిది కాదు. హిమోగ్లోబిన్ ఎంత ఉన్నది? థైరాయిడ్ పరీక్ష చేశారా? నొప్పితో గానీ దిగులుతో గానీ రాత్రి మధ్యలో మెలకువ వస్తున్నదా? తిండి, నీళ్లు ఎంత తీసుకుంటున్నది? వీటిలో ఏ ఒక్కటి తప్పినా అలసట రెట్టింపు అవుతుంది. రక్తం తక్కువ ఉన్నదని తెలిసినా ఐరన్ మాత్రలు మీ అంతట మీరు కొని వేయకండి, ఎందుకు తగ్గిందో డాక్టరు తేల్చిన తరువాతే వేయాలి. డాక్టరు దగ్గర “అలసటగా ఉన్నది” అని చెప్తే ఆ మాట గాలిలో కలిసిపోతుంది. ఒక చిన్న నోటుబుక్కు పెట్టి, అసలు అలసట లేకపోతే 0, ఇంతకు మించి ఉండదు అనిపిస్తే 10 అనుకుని, ఉదయం ఒకసారి సాయంత్రం ఒకసారి అంకె వేయించండి. 4 నుంచి 6 వరకు మధ్యస్థం, 7 గానీ అంతకు మించి గానీ ఉంటే తీవ్రం. “మూడో రోజు నుంచి ఆరో రోజు దాకా 8 ఉన్నది, తరువాత 5కు దిగింది” అని చూపిస్తే ఎంత తీరిక లేని డాక్టరైనా తల ఎత్తి చూస్తారు.

ఆ నోటుబుక్కులో మీకు ఒక వరుస కూడా కనిపిస్తుంది. కీమో రోజు వాంతులు రాకుండా స్టెరాయిడ్ ఇస్తారు, దాని బలంతో ఆ రోజు, మరునాడు మనిషి చురుకుగానే ఉంటుంది, రాత్రి నిద్ర మాత్రం పట్టదు. అది దిగిపోగానే ఒక్కసారిగా కూలిపోతుంది. రెండో వారంలో తెల్ల రక్తకణాలు అడుగుకు పడిపోతాయి, మూడో వారానికి మళ్లీ కొంత కోలుకుంటుంది. ఈ వరుస తెలిస్తే ఏ రోజున ఆమెను ఏమీ అడగకూడదో మీకే తెలుస్తుంది.

ఇక శ్వాస. అలసినవారు, భయపడినవారు తమకు తెలియకుండానే ఛాతీ పైభాగంతో, పొట్టిపొట్టిగా, వేగంగా గాలి తీసుకుంటారు. ఆమె కూర్చుని ఉన్నప్పుడు మెడ పక్కన కండరాలు, భుజాలు లేచి పడుతున్నాయేమో గమనించండి. ఉచ్ఛ్వాసకు అంత అవసరం లేని కండరాలను అలా రోజంతా వాడడం కూడా ఒక ఖర్చే. పొట్ట కదిలేలా నెమ్మదిగా పీల్చి, పీల్చిన దానికంటే ఎక్కువ సేపు వదిలితే, వేగస్ అనే నాడి ద్వారా గుండె వేగం కాస్త తగ్గుతుంది, శరీరం ఉలికిపాటు నుంచి బయటకు వస్తుంది. దానితో నిద్ర, ఆందోళన కొంత మెరుగుపడితే, ఆ మేరకు అలసట కూడా దిగుతుంది. మణిపాల్‌లో రొమ్ము క్యాన్సర్‌కు రేడియేషన్ తీసుకుంటున్న స్త్రీలతో ప్రాణాయామం చేయించి చూసిన అధ్యయనం 2015లో వచ్చింది, అందులో సాధన చేసినవారిలో అలసట తక్కువగా కనిపించింది. అయితే శ్వాస సాధన రక్తాన్ని పెంచదు, క్యాన్సర్‌ను తగ్గించదు. కీమో మానేయమన్న పెద్దాయన మాటను దయచేసి గడప దాటి లోపలికి రానీయకండి.

చేసే పద్ధతి ఇది. మంచం తలాపున రెండు మెత్తలు పెట్టి, సగం కూర్చున్నట్టు ఆనించండి. శస్త్రచికిత్స జరిగిన వైపు చేతిని ఒక దిండు మీద విశ్రాంతిగా ఉంచి, రెండో చేతిని బొడ్డు పైన పెట్టించండి. ముక్కుతో మూడు లెక్కపెట్టేంత సేపు పీల్చి, వేడి చాయ్ మీద ఊదినట్టు పెదవులు కొద్దిగా ముడిచి, ఐదు లెక్కపెట్టేంత సేపు వదలాలి. బలవంతంగా ఊపిరి నింపకూడదు, లోపల బిగబట్టకూడదు. మొదట రెండు నిమిషాలు, అలవాటైనాక ఐదు నిమిషాలు, రోజుకు రెండు మూడు సార్లు చాలు. అన్నం తినగానే వద్దు. తల తిరిగినా, వేళ్ల కొసలు జివ్వుమన్నా గాలి అవసరానికి మించి తీసుకుంటున్నదని అర్థం, ఆపి మామూలుగా ఊపిరి తీసుకోమనండి.

ఇది రాయకపోతే నాకు నిద్ర పట్టదు: జ్వరం 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ చేరితే అది రాత్రి రెండు గంటలైనా సరే, పారాసిటమాల్ వేసి తెల్లవారేదాకా చూడకుండా వెంటనే ఆసుపత్రికి ఫోను చేయాలి. అలాగే ఎర్ర మందు కొందరిలో గుండెను బలహీనపరుస్తుంది, కాబట్టి కొత్తగా ఆయాసం రావడం, పడుకుంటే ఊపిరి ఆడకపోవడం, కాళ్లు వాయడం, ఛాతీలో నొప్పి కనిపిస్తే అది అలసట అనుకుని శ్వాస సాధన చేయించకండి, డాక్టరుకు చూపించండి.


సమాధానం: జనగామ రిటైర్డ్ టీచర్

అమ్మా, నేను ఆరేళ్ల కిందట ఇదే చికిత్స పూర్తి చేసుకున్న దానిని. నర్సమ్మ చెప్పినవన్నీ చెప్పవలసిన మాటలే. నేను సంగీతం గురించి మాత్రం రాస్తాను, ఎందుకంటే మీ అత్తమ్మ వేణువును బందు పెట్టమన్న దగ్గర నన్ను నేను చూసుకున్నాను.

నాకు కూడా నా కొడుకు మనసుకు హాయినిచ్చే సంగీతం అని ఏదో పెట్టేవాడు. పేరులో హాయి ఉన్నా, అది నాకు పరాయిది. ఫలానా రాగం వింటే ఫలానా జబ్బు పోతుందని చెప్పేవారు చాలామంది ఉన్నారు, ఆ మాటలకు ఆధారం లేదు. సంగీతం మీద జరిగిన పరిశోధనలన్నిటినీ కలిపి చూసిన కాక్రేన్ సమీక్ష 2021లో వచ్చింది, 81 అధ్యయనాలను అందులో పరిశీలించారు. పెద్దవారిలో ఆందోళన, నొప్పి, అలసట మీద సంగీతం కొంత మేలు చేయవచ్చునని వారు తేల్చారు. ఇదే సంగీతం అందరికీ పని చేస్తుందని మాత్రం చెప్పలేదు. వినే మనిషి తన జీవితంలో నుంచి ఎంచుకున్న పాటకు ఉన్న బలం, మనం ఎంచి పెట్టిన పాటకు ఉండదని నా అనుభవం.

మీ అత్తమ్మ నలభై ఏళ్లు నాట్లు వేసిందని రాశారు. నాట్లు వేసేటప్పుడు ఆడవాళ్లు నోరు మూసుకుని వేయరు కదమ్మా! ఒకరు చరణం ఎత్తుకుంటే మిగతావాళ్లు అందుకుంటారు. బతుకమ్మ దగ్గర కూడా అంతే, ముందు పాడే ఆమె కథంతా నడిపిస్తుంది, చుట్టూ తిరిగేవాళ్లు చరణం చివర “ఉయ్యాలో” అని సాగదీస్తారు. ఆ ‘ఉయ్యాలో’ ఏమిటో ఒకసారి మీరే అని చూడండి. అది ఒక దీర్ఘమైన నిశ్వాస. మళ్లీ తన వంతు వచ్చేదాకా ఆమె తీరికగా ఊపిరి తీసుకుంటుంది. మూడు లెక్కపెట్టు, ఐదు లెక్కపెట్టు అని చెప్పనవసరం లేకుండా పాటే లెక్క పెట్టి ఇస్తుంది. కాబట్టి చరణం మీరు పాడండి, లేదా మీ ఆడబిడ్డను పిలిచి పాడించండి, ఆమెకు చివరి మాట మాత్రం వదలండి. పూర్తి పాట ఆమె చేత పాడించవద్దు, అది ఆ రోజుల్లో పెద్ద శ్రమ. నోట్లో పుండ్లు ఉంటే పెదవులు మూసి ‘ఊఁ’ అన్నా చాలు.

ఒక హెచ్చరిక కూడా చేయాలి. నాకు చిన్నప్పటి నుంచి మా అమ్మ పాడే ఒక భజన అంటే ప్రాణం. ధైర్యంగా ఉంటుందని ప్రతి కీమోకు దానినే చెవుల్లో పెట్టుకుని వెళ్లాను. సూది ఎక్కుతున్నప్పుడు, డెట్టాల్ వాసన మధ్య, వాంతి వచ్చినట్టు ఉన్నప్పుడు అదే పాట. చికిత్స ముగిసి ఆరేళ్లయినా, గుడిలో ఆ భజన మొదలైతే నాకు కడుపులో దేవినట్టు అవుతుంది, లేచి బయటకు వస్తాను. వార్డు గుమ్మం కనబడగానే కొందరికి వాంతి వచ్చినట్టు, శరీరం పాటను కూడా ఆ మందుతో ముడివేసుకున్నది. మా అమ్మ గొంతుతో ఉన్న పాటను అలా పోగొట్టుకున్నందుకు నాకు ఇప్పటికీ బాధగా ఉన్నది. మీ అత్తమ్మకు ప్రాణమైన పాటలను ఇంటికే ఉంచండి. వార్డుకు అంత దగ్గరితనం లేని వేరే ఏదైనా తీసుకుపోండి.


సమాధానం: మంచిర్యాల సింగరేణి రిటైర్డ్ కార్మికుడు

నమస్తే చెల్లె. నాకు గొంతు క్యాన్సర్ వచ్చి రేడియేషన్ ఇచ్చినారు. వారానికి ఐదు రోజుల చొప్పున ఏడు వారాలు. కీమో అలసట ఎక్కి దిగుతుందని నర్సమ్మ రాశారు, రేడియేషన్ అలసట అలా కాదు, చెరువులో నీళ్లు చేరినట్టు మెల్లగా చేరుతుంది. మొదటి రెండు వారాలు నాకేమీ కాలేదని తిరిగాను. ఐదో వారానికి లాడ్జి మెట్లు ఎక్కలేక కింద గదికి మారవలసి వచ్చింది. ఆఖరి రోజు తరువాత కూడా నెలన్నర వదలలేదు. మీ అత్తమ్మకు తరువాత రేడియేషన్ కూడా చెప్తే ఈ సంగతి మనసులో పెట్టుకోండి, చికిత్స అయిపోయింది కదా ఇంకా లేవదేమి అని ఎవరూ అనకూడదు.

శ్వాస సంగతిలో నేను కొంచెం వేరే మాట చెప్పాలి. అందరికీ శ్వాస మీద దృష్టి పెట్టడం హాయిగా ఉండదు. తల కదలకుండా ఉండడానికి ముఖం మీద గట్టి వల లాంటి ముసుగు బిగించి, బల్లకు పట్టించి, అందరూ బయటకు వెళ్లి తలుపు వేస్తారు. ముప్పై ఏళ్లు బొగ్గు బాయి లోపల పని చేసిన నాకు ఆ గదిలో భయమైంది. “శ్వాసను గమనించండి” అని చెప్పినారు. గమనించిన కొద్దీ ఊపిరి అందదేమో అన్న భయం ఎక్కువైంది. మూడో రోజు చేయి ఎత్తి ఆపించాను. అప్పుడు అక్కడి టెక్నీషియన్ పిల్లవాడు “బాపూ, నీకు వచ్చిన పాట ఏదైనా లోపల పాడుకో, నాలుగు చరణాలు అయ్యేసరికి వచ్చి తీస్తా” అన్నాడు. మా ఊరి ఒగ్గు కథలో చిన్నప్పుడు నేర్చిన ఒక ముక్క ఉన్నది, డోలు దెబ్బతో సహా మనసులో నడిపించాను. నాలుగో చరణం సగంలో తలుపు చప్పుడైంది. ఆ తరువాత మిగిలిన రోజులన్నీ ఆ లెక్కతోనే గడిపాను. ఊపిరి గురించి ఆలోచించడం మానేస్తే ఊపిరి దానంతట అదే నిదానమైంది.

ఇంకొకటి. నాకు అన్నిటికంటే పనికి వచ్చింది నడక. పది నిమిషాలు, అదీ తోచినట్టు కాదు, రోజూ అదే వేళకు. మంచం మీదనే ఉంటే కండ బలం పోయి అలసట ఇంకా ముదురుతుంది. మీరు వడ్డేపల్లి చెరువు కట్ట దాకా తీసుకుపోనవసరం లేదు, ఇంటి వరండాలో ఈ కొస నుంచి ఆ కొసకు నడిపించినా నడకే.


సమాధానం: కరీంనగర్ యోగా శిక్షకురాలు

మీ ప్రశ్నలో కపాలభాతి మాట చూసి రాస్తున్నాను, ఎందుకంటే ఆ తప్పు నేను ఒకప్పుడు చేశాను. కీమో నడుస్తున్న ఒక అమ్మ మా తరగతికి వచ్చినప్పుడు, అందరితో పాటు ఆమె చేత కూడా కపాలభాతి చేయించాను. ఆమె అక్కడే వాంతి చేసుకుని, గంట సేపు చాప మీద నుంచి లేవలేకపోయింది. రోగి ఏ చికిత్సలో ఉన్నారో అడిగి తెలుసుకోకుండా చేయించడం నా తప్పే, అప్పటి నుంచి ఆ ప్రశ్న అడగకుండా ఎవరినీ చాప మీద కూర్చోనివ్వడం లేదు.

కపాలభాతి, భస్త్రిక లాంటివి పొట్టను బలంగా కుదిపే క్రియలు. రక్తహీనత ఉన్నవారికి తల తిరుగుతుంది, వికారం ఉన్నవారికి అది పెరుగుతుంది, శస్త్రచికిత్స గాయాలు పూర్తిగా మానని వారికి, ప్లేట్‌లెట్లు తక్కువ ఉన్నవారికి అసలే వద్దు. ఊపిరి బిగబట్టే కుంభకం కూడా చికిత్స నడిచినంత కాలం మానేయాలి. భ్రామరి చేయవచ్చు. చెవులు మూసి, తల దించి చేయాలన్న నియమం పట్టుకోకుండా, ఒరిగి కూర్చుని తుమ్మెదలా మెల్లగా రొద చేస్తే చాలు. అనులోమ విలోమం చేయాలనుకుంటే చేతులు సబ్బుతో కడుక్కున్న తరువాతే ముక్కు తాకాలి, తెల్ల కణాలు తక్కువ ఉన్న రోజుల్లో ఈ చిన్న జాగ్రత్త చాలా ముఖ్యం. ముక్కు మూయకుండా, ఎడమ నుంచి పీల్చినట్టు కుడి నుంచి వదిలినట్టు మనసులో భావన చేయమని నేను చెప్తాను.

ఒత్తిడి చేయడం తప్పా అని అడిగారు. “చేయండి” అని చెప్పే బదులు మీరే ఆమె పక్కన కూర్చుని చేయండి. అలసిన మనిషికి మరొక పని అప్పగించినట్టు కాకుండా, పక్కన ఒక మనిషి నెమ్మదిగా ఊపిరి తీసుకుంటూ ఉంటే ఆ లయ తానంతట అందుకుంటుంది. అందుకోకపోతే ఆ రోజుకు వదిలేయండి. నడక విషయంలో సింగరేణి అన్న చెప్పిన మాటకు నేను పూర్తిగా ఒప్పుకుంటాను. అలసట మీద అన్నిటికంటే గట్టి ఆధారాలు ఉన్నది తేలికపాటి వ్యాయామానికే, శ్వాస, సంగీతం దాని తరువాతి వరుసలో నిలబడతాయి.


హనుమకొండ కోడలు

అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. పద్దెనిమిది రోజుల తరువాత రాస్తున్నాను, చేసి చూసిన తరువాతే రాయాలనుకున్నాను.

నోటుబుక్కు మొదలుపెట్టాము. అత్తమ్మకు అంకెల కంటే అణాల లెక్క బాగా తెలుసు, అందుకని పదహారణాల అలసట అంటే పది అని మేము ఒప్పందం చేసుకున్నాము. మొదటి వారం 7, 8 దగ్గరే ఉన్నది. మేము గట్టిగా అడిగిన తరువాత పరీక్షలు రాశారు. హిమోగ్లోబిన్ 8.6 వచ్చింది. ఎందుకు తగ్గిందో తెలుసుకోవడానికి మరికొన్ని పరీక్షలు చేసి, మందు మొదలుపెట్టారు, థైరాయిడ్ బాగానే ఉన్నదన్నారు. అడగకపోతే ఇది బయటపడేది కాదు, నర్సమ్మకు మా ఇంటిల్లిపాది ఋణపడి ఉంటాము.

మెత్తలకు ఆనుకుని చేసే శ్వాస ఆమెకు నచ్చింది, లెక్కపెట్టడం మాత్రం నచ్చలేదు. టీచరమ్మ చెప్పినట్టు మా ఆడబిడ్డను పిలిపించాను. ఆమె మంచం పక్కన కింద కూర్చుని కూరగాయలు తరుగుతూ నాటు పాట ఒకటి ఎత్తుకున్నది. మొదటి చరణానికి అత్తమ్మ కళ్లు మూసుకునే ఉన్నది. రెండో చరణం చివర పెదవులు కదిలాయి. మూడోసారి గొంతు వచ్చింది, సన్నగా, కానీ చరణం చివరి మాటను పూర్తిగా సాగదీసి వదిలింది. బొడ్డు మీద పెట్టుకున్న చేయి ఆ మాటతో పాటే మెల్లగా కిందికి దిగడం నేను చూశాను. పాట మధ్యలో ఆపి, “ఆ చరణం అట్ల కాదు, ముందు నారు పీకుడు రావాలె” అని ఆడబిడ్డను సరిచేసింది. కొన్ని వారాలుగా ఆమె ఎవరినీ ఏ విషయంలోనూ సరిచేయలేదు.

ప్రతి రోజూ ఇలాగే జరుగలేదు. రెండు రోజులు పాట వద్దన్నది, ఊకుండమన్నది, మేము ఊకున్నాము. ఇప్పుడు సాయంత్రం అంకె ఎక్కువ సార్లు 5 పడుతున్నది. రక్తానికి ఇచ్చిన మందు వల్లనా, వరండాలో నడిచే పది నిమిషాల వల్లనా, పాట వల్లనా అని విడదీసి చెప్పడం నాకు చేతకాదు. నిన్న మాత్రం చాటలో బియ్యం సగం దాకా ఏరి, మిగతా సగం నా ముందుకు జరిపింది.

గురువారం నాలుగో విడత. వార్డుకు ఏ పాట తీసుకుపోదామని అడిగితే, టీచరమ్మ రాసిన భజన సంగతి నేను చదివి వినిపించినప్పటి నుంచి ఆలోచించి పెట్టుకున్నట్టున్నది, పాటే వద్దన్నది. రేడియోలో రైతుల కోసం వచ్చే ముచ్చట్లు ఫోనులో పట్టి ఉంచమన్నది. పత్తికి పట్టే గులాబీ పురుగు మీద ఒకటి, పచ్చిరొట్ట ఎరువు మీద ఒకటి పట్టి పెట్టాను. ఇంకొకటి కూడా పట్టమంటున్నది, కందిలో అంతర పంటల మీద. రేపు పొద్దున అది వచ్చే వేళకు లేచి కూర్చుంటానని చెప్పింది.